ఇత్తడి గుండీల దండయాత్ర

శ్రోతలారా, వినండి! వారానికొక్కసారే దయచేసే ఆదివారమనే విశ్రాంతివాసరాన, సహస్రకిరణుడైన సూర్యుడు కిటికీ చువ్వల నీడను భోజనబల్ల మీద బద్ధకంగా పరుస్తుండగా, భోజనభారనిమీలితనేత్రమై వీధి యావత్తూ గురక పెడుతుండగా, వాషరు పోయిన వంటింటి కుళాయి నుంచి జారే నీటిబొట్లే రణభేరీనాదాలై టప్పుటప్పున మోగుతుండగా, నూనెమరక వదలని పూలగుడ్డ పరిచిన సమరాంగణంలో, నాలుగు ప్లాస్టిక్ కుర్చీల నడుమ జరిగిన ఒక మహాసంగ్రామాన్ని గానం చేయబోతున్నాను.

వీరగాథ పాడడానికి భట్టును పిలిపించుకోవడం మర్యాద. నాకెవరూ దొరకలేదు. అందుచేత నా ప్రతాపాన్ని నేనే పొగుడుకోవలసి వస్తోంది. పొగడ్త చాలని చోట మీరు కాస్త కలుపుకోండి. ఎదుటి యోధుల మనసుల్లో ఏం మెదిలిందో కూడా చెబుతాను. దివ్యదృష్టి ఏమీ లేదు, ఆట అయ్యాక అడిగి తెలుసుకున్నాను.

ముందు యుద్ధకారణం. మా ఇంట్లో ఆదివారం మధ్యాహ్నం పోకర్ ఆడతాం. పైసా ముట్టం. నా కుట్టుపెట్టెలోని గుండీలే మాకు రథగజతురగపదాతులు. చొక్కాదైనా కోటుదైనా గుండీ విలువ ఒకటే. ఆట ముగిసేసరికి ఎవరి దగ్గర తక్కువ మిగిలితే వాళ్లు ఆ సాయంత్రం టీ పెట్టి, గిన్నెలు కడగాలి. అసలు ఒక్కటీ మిగలకపోతే రాత్రి వంట కూడా వాళ్లదే. ధర్మబద్ధమైన శాసనం, అందరికీ సమానం. కాకపోతే ఈ సమానధర్మం ప్రతి ఆదివారమూ వెతుక్కుంటూ వచ్చి నన్నే వరించేది. టీ పోసి అందరికీ అందించి, చివరి కప్పు నా చేతికి వచ్చేసరికి దానిమీద మీగడ కట్టి, కప్పు చల్లబడి ఉండేది. ఇంకొకరు పెట్టిన టీ, కూర్చున్న కుర్చీలోంచి లేవకుండా, పొగలు కక్కుతుండగా ఒక్కసారి తాగాలి. ఇంతకుమించిన సామ్రాజ్యాన్ని నేను కోరలేదు.

ఇక యోధులు. తూర్పు దిక్కున మా వారు. దంతవైద్యులు, దంష్ట్రోత్పాటనధురంధరులు. "నొప్పేం ఉండదు" అని వారమంతా అబద్ధమాడి, ఇంటికొచ్చేసరికి ఇంకొకటి ఆడే ఓపిక మిగలని మనిషి. మంచి ముక్క వస్తే ఈల వేస్తారు. పడమట మా మరిది. ఊరిలోని లిఫ్టులు బాగుచేసే ఆరోహణావరోహణయంత్రచికిత్సకుడు. ముక్కలు చూడకముందే గుండీలు వేసి, చూశాక విచారించే సాహసి. నాకెదురుగా, ఉత్తరాన, సాక్షాత్తూ మా అత్తయ్య. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఆపరేటరుగా చేసి రిటైరైన ఆ మహనీయురాలు, అవతల ఎవరు ఏడ్చినా, ఎవరు తిట్టినా, "లైన్లో ఉండండి" అని ఒకే గొంతుతో పలికి పలికి, హర్షశోకచిహ్నరహితమైన ముఖబింబాన్ని సాధించింది. ఆమె బ్రహ్మాస్త్రం మూడు మాటలు: "నీ ఇష్టం అమ్మా." ఆ మాట విన్నాక తన ఇష్టప్రకారం నడుచుకున్న కోడలు మా ఇంట్లో ఇంతవరకు లేదు. ఉన్న కోడల్ని నేనొక్కదాన్నే కాబట్టి నాకు తెలుసు.

దక్షిణాన నేను. మా మరిది పెట్టిన బిరుదు "పడేసే వదిన". ఎదుటివాళ్లు గుండీ కదిపితే చాలు, ముక్కలు బోర్లించి పడేస్తాననీ, ముక్కలకంటే బల్లగుడ్డ మడతే నాకు ముఖ్యమనీ అతగాడి ఆరోపణ. అబద్ధం కాదు.

ఆనాటి ఆఖరి పంపకం. నా దగ్గర ఉన్న సైన్యమెంత? మా వారి కోటు కోసం తెచ్చి, కుట్టడం ఎప్పటికప్పుడు వాయిదాపడుతున్న ఆరు ఇత్తడి గుండీలు. వాటి వెనక జత తప్పినవీ, అంచు విరిగినవీ, రంగు వెలిసినవీ ఒక గుప్పెడు. మా మరిది కుప్ప కూడా ఇంచుమించు అంతే, ఒకటి రెండు తక్కువేమో. అంటే ఆ పంపకంలో కళ్లు మూసుకుని పడేసి కూర్చుంటే టీ అతని పాలబడేదే. ఆ సంగతి ఎరిగి కూడా చేతులు కట్టుకుని కూర్చోలేకపోవడమే వీరుల దౌర్భాగ్యం.

ఎందుకంటే ముక్కలు ఎత్తి చూసేసరికి, ఇస్పేటు రాణి, ఆటీను రాణి, కిరీటమణికిరణరంజితవదనలై, చేతుల్లో పువ్వులు పట్టుకుని, పెళ్లిచూపులకు వచ్చినంత నిండుగా నన్నే చూస్తున్నారు!

"ఓ రాణీయుగళమా!" అని నా హృదయం గర్జించింది. "శత్రుశిరోమకుటవిదళనచతురలారా! నేటితో నా దాస్యము తీరెను! మీ పాదధూళిసోకిన ఈ పూలగుడ్డపై నా జయధ్వజము నాటెదను!"

పైకి మాత్రం, "ఒక రెండు వేస్తున్నా" అన్నాను.

"వదిన వేసింది! ఎవరైనా చూశారా? ఫోటో తియ్యండి" అన్నాడు మరిది. తనూ రెండు వేశాడు. మా వారు ఈల వెయ్యలేదు కాబట్టి ఆయన దగ్గర ఏమీ లేదని అందరికీ తెలిసింది. ముక్కలు పడేసి గోళ్లు చూసుకోసాగారు. అత్తయ్య చప్పుడు కాకుండా రెండు గుండీలు జరిపింది.

పోకర్ తెలియనివారి కోసం ఒక్క మాట. చేతిలోని రెండు ముక్కలకు తోడు, బల్లమీద అందరికీ ఉమ్మడిగా అయిదు ముక్కలు వరుసగా తెరుచుకుంటాయి. జత ఉన్నవాడు బలవంతుడు. జతల్లో రాణులకంటే రాజులు, రాజులకంటే ఆసులు పెద్ద.

మొదట మూడు ముక్కలు తెరుచుకున్నాయి. తొమ్మిది, నాలుగు, ఆ పక్కన గడ్డం దువ్వుకుంటూ డైమను రాజు.

శ్రోతలారా, అప్పటిదాకా వీరమాతల్లా వెలిగిన నా రాణులు, ఆ రాజును చూడగానే కొత్తకోడళ్లలా తల దించుకున్నారు. అక్కడ ఎవరి చేతిలోనైనా ఇంకొక రాజు ఉంటే నా పని అయిపోయినట్టే. మరిది తనకేదీ కలవలేదని నిట్టూర్చి ముక్కలు పడేశాడు. అత్తయ్య నాలుగు వేసింది. నేను నాలుగు వేశాను, కానీ ఏ నాలుగు? పోతే పోయిందనిపించేవి, కుట్టుపెట్టెలో ఎందుకూ కొరగానివి ఏరి వేశాను.

నాలుగో ముక్క రెండు. ఎవరికీ ఒరిగిందేమీ లేదు. ఆమె మళ్లీ నాలుగు. నేనూ మళ్లీ వెతికి వెతికి, అంచు విరిగిన నల్లదాన్నీ, దాని తోటి అభాగ్యుల్నీ ముందుకు తోశాను.

అప్పుడు జరిగింది. అత్తయ్య చెయ్యి చాపి, ఆ విరిగిన గుండీని తీసుకుని, వేలితో అంచు తడిమింది.

"ఇది ఇంకా దాచావా అమ్మాయ్?"

"ఎప్పటికైనా పనికొస్తుందని, అత్తయ్యా."

"ఊఁ. వస్తోందిగా."

ముఖంలో నవ్వు లేదు. గొంతులో నవ్వు లేదు. కానీ ఆ "ఊఁ" విన్నంతలో, మెరుపు మెరిసి చీకటింట సామాన్లన్నీ ఒక్కసారి కనిపించినట్టు, నాకు సర్వమూ కనిపించింది. అత్తయ్య నా ముఖం చూడడం లేదు! ఇన్నాళ్లుగా ఆమె చూస్తున్నది నా గుండీల్ని! ముక్కలు బాగుంటే, ఎలాగూ తిరిగి నా దగ్గరికే వస్తాయన్న ధీమాతో జతైన గుండీలు వేస్తాను. బాగాలేకపోతే, పోయినా నష్టం లేదని జత తప్పినవి వేస్తాను. కుట్టుపెట్టెకు అన్యాయం జరగకూడదన్న నా శ్రద్ధ, నా పొదుపు, నేను మనసులో గర్వపడే ఆ గృహిణీధర్మం, వారం వారం నా చేతిలోని ముక్కల్ని బల్లమీద ఆరేసి చూపించాయన్నమాట. ఇంత చదువు చదివి, శత్రువుకు నా దండు వివరాలు నేనే రంగుల వారీగా సర్ది పంపుతున్నాను.

ఈలోగా అయిదో ముక్క తెరుచుకుంది. ఆసు.

"అయ్యో పాపం" అన్నారు మా వారు, ఎవరినని చెప్పకుండా.

అత్తయ్య ఒక గుప్పెడు గుండీలు బల్ల మధ్యకు నెట్టి, కొంగు సర్దుకుని, ఎక్స్ఛేంజీ స్వరంతో పలికింది.

"నీ ఇష్టం అమ్మా."

ఇక్కడ కాలం ఆగింది. కుళాయి బొట్టు కూడా అంచున వేలాడి, వినడానికి ఆగింది.

నా లోపల మంత్రాంగం మొదలైంది. బుద్ధి అనే వృద్ధమంత్రి లేచి ఇలా విన్నవించాడు. "అమ్మా, సంధి శ్రేయస్కరము. ముక్కలు పడవేసి టీ పెట్టుము. అలవాటైన అవమానము అంతగా నొప్పింపదు. ఈమె గుప్పెడుకు సరిపడ గుప్పెడు వేసి ఓడితివా, నీకు మిగులునది సగమే. సాహసించి అన్నియు వేసి ఓడితివా, రాత్రి వంటయు నీదే."

వెంటనే అభిమానమనే సేనాని ఒరలోంచి కత్తి దూశాడు. "వంట మిగతా ఆరు దినములు ఎవరిదయ్యా? నిత్యము పొందుదానికి నేడు జంకనేల? ఆలోచింపుము దేవీ! రాజు పడినప్పుడు ఆమె ధైర్యముగా నాలుగు వేసెను. అనగా ఆమె చేత ఉన్నది రాజే. ఆసు ఉన్నచో అప్పుడే అంత ధీమా ఎక్కడిది? మరి రాజును పట్టిన మనిషి దేనికి భయపడును? ఆసునకు! నీ చేత ఆసు లేదు. లేదని చెప్పుటకు నీ విరిగిన గుండీలు తప్ప వేరు వేగులవాడు లేడు. ఆ వేగులవానినే అబద్ధమాడింపుము!"

"వదినా, నిద్రపోయావా?" అన్నాడు మరిది. "పడెయ్ వదినా, అలవాటేగా. పాలు ఫ్రిజ్‌లోనే ఉన్నాయి."

పాలు ఎక్కడున్నాయో నాకు చెబుతున్నాడు! ఆ క్షణాన, శ్రోతలారా, గజయూథమధ్యానికి లంఘించే ఆడసింహంలాగా, అయితే బల్లగుడ్డ ముడత పడకుండా ఎడంచేత్తో అదిమిపెట్టుకుని మరీ, నేను కుడిచెయ్యి చాపాను. ఇత్తడి గుండీలు ఆరింటినీ ఒక్కొక్కటిగా, కొక్కెం వైపు కిందికీ మెరుపు వైపు పైకీ వచ్చేలా, బల్ల మధ్యలో వరుసగా నిలబెట్టాను. అగ్రభాగాన ఆ కాంచనకాంతులీనే కవచధారులు. వెనక మిగిలిన విరుగుళ్లన్నీ పదాతిదళమై కదిలాయి. నా ముందు పూలగుడ్డ తప్ప మరేమీ మిగలలేదు.

"అన్నీ" అన్నాను. గొంతు కొంచెం కీచుగా వచ్చింది. అది వీరరసమే అనుకోండి.

"అవి నా కోటు గుండీలు!" మా వారు కుర్చీలోంచి సగం లేచారు. "కుట్టమంటే తీరిక లేదంటావు, ఇక్కడ పెడతావా? అమ్మా, నువ్వు పడెయ్యవే. ఈవిడ ఈ ఇత్తడివి పోయే ఆటలో పెట్టదు. ఆసు ఉంది, ఖాయం."

"అన్నయ్యా, ఆటలో లేనివాళ్లు నోరెత్తకూడదు" అన్నాడు మరిది.

"నా గుండీలు ఆటలో ఉన్నాయిరా!"

అజ్ఞాని అయిన భర్త తన కోటుకోసం ఆక్రోశించి భార్యకు చేసినంత మేలు, ఏ మిత్రరాజూ అక్షౌహిణులు తెచ్చి చేయలేడు. నేను బల్లగుడ్డ అంచు సరిచేశాను. కింద పాదాలు మాత్రం ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. అత్తయ్య వంగి ఇత్తడి వరుసను చూసింది. తరువాత, మొట్టమొదటిసారిగా, తలెత్తి నా ముఖం చూసింది. అక్కడ ఏముందో నాకు తెలియదు. ఆట అయ్యాక అడిగితే, "జ్వరం వచ్చినట్టుంది, అంతే" అంది.

అలా చూశాక తన ముక్కలు రెండింటినీ మరోసారి ఎత్తి చూసుకుంది. చివరికి వాటిని బోర్లించి, మెల్లగా పక్కకు తోసింది.

"తీసుకో అమ్మాయ్. ఆసు ఎప్పుడూ నీలాంటి వాళ్లకే వస్తుంది."

ఆమె చేతిలో ఉన్నది కళావరు రాజు. ఆ సంగతి ఆమే చెప్పింది. నా చేతిలో ఉన్నవి ఏవో నేను ఇప్పటికీ చెప్పలేదు. రాణులిద్దరినీ పేకలో కలిపేసి, రెండుసార్లు గట్టిగా కలియబెట్టాను.

గుండీలు లెక్కపెట్టే పని కూడా లేకపోయింది. నా ముందు పర్వతం, మరిది ముందు పుట్ట. అతడు తన కుప్పనూ నన్నూ మార్చి మార్చి చూసి, నూరంతస్తుల లిఫ్టు తాడు తెగిన వాడిలా లేచి, వంటింట్లోకి నడిచాడు.

యుద్ధం ముగిసిందనుకున్నారా? అసలు యుద్ధం అప్పుడు మొదలైంది.

"వదినా, టీ పొడి ఎక్కడ?"

"పై అరలో, ఎర్ర మూత డబ్బా" అన్నాను, కూర్చునే.

"వదినా, ఏ గిన్నె?"

"ఏదైనా పరవాలేదు." ఆ మాట అనడానికి నాకు ఎంత శౌర్యం కావలసివచ్చిందో, గిన్నెలకు వేరువేరు పనులు కేటాయించుకున్నవారికే తెలుస్తుంది.

కాసేపటికి ఏదో చెంచా కింద పడింది. ఆ తరువాత మూత. ఆ తరువాత, శ్రోతలారా, పాలు పొంగి పొయ్యిమీద పడి మాడే వాసన, ప్రళయకాలధూమంలా, వంటింటి గుమ్మం దాటి నా నాసాపుటాలను తాకింది. ఆ పొద్దుటే తోమిన పొయ్యి! కాళ్లు వాటంతటవే లేవబోయాయి. రెండు చేతులతో కుర్చీని పట్టుకున్నాను. మా వారు నా వైపు చూశారు. అత్తయ్య నా వైపు చూసింది.

"పాలు పొంగినట్టున్నాయి" అంది ఆమె.

"అవునత్తయ్యా, పొంగాయి" అన్నాను.

లేవలేదు.

టీ వచ్చింది. పంచదార సిరప్పులా, రంగు వానాకాలపు కాలవలా, పైన తేలుతూ రెండు టీ ఆకులు. తీసుకొచ్చి ముందు నా చేతికే ఇచ్చాడు. కప్పు పట్టుకోలేనంత వేడి. మొదటి గుక్కకే నాలుక కాలింది.

కావున దిగ్దిగంతాలూ ఆలకించుగాక! కుట్టుపెట్టె సకలసేనాధీశ్వరి, రాణీద్వయసహాయిని, పొంగిన పాలను ముక్కుతో పసిగట్టి కూడా ఆసనం వీడని అచంచలధైర్య, ఆ ఆదివారం సాయంత్రం ఒక కప్పు పరమచండాలమైన టీని, కూర్చున్న చోటనే, వేడివేడిగా, నాలుక కాల్చుకుంటూ, అడుగుదాకా తాగెను!