ఆరో వేలి మీద విచారణ

రాజధాని ప్రాంత తెలుగు డిజిటల్ చిత్రకళా మిత్రమండలిలో స్థాపించిన నాటి నుంచి నేటి వరకు ఒక్క చెడ్డ బొమ్మ కూడా పడలేదని తెలియజేయడానికి సంతోషంగా ఉంది. ఢిల్లీ ద్వారక నుంచి గ్రేటర్ నోయిడా దాకా చెదిరి ఉన్న తెలుగువాళ్లు ఆఫీసు పని అయ్యాక ట్యాబ్ మీద గీసిన బొమ్మలన్నీ ఈ వాట్సాప్ గ్రూపులో పెడతారు. పెట్టినవన్నీ అద్భుతాలే. పొరపాటున ఏదైనా అద్భుతం కాకపోతే అది మహాద్భుతం అవుతుంది. ఏ చిత్రకళా పాఠశాలకూ ఇలాంటి ఫలితాలు లేవని మండలి అధ్యక్షులు సదాశివరావు గారు ప్రతి ఉగాదికీ సెలవిస్తుంటారు. ఆయన సంయుక్త కార్యదర్శిగా రిటైరైనవారు కనుక ఆ మాటను సరిచూడవలసిన అవసరం ఎవరికీ కలగలేదు.

ఈ ఫలితాలకు మూలం మండలి పాటించే పద్ధతి. సభ్యుల్లో సగానికి పైగా కేంద్ర ప్రభుత్వోద్యోగులు. ఆఫీసులో ఫైలు కింది నుంచి పైకి వెళ్లినట్టే ఇక్కడ అభిప్రాయం కూడా వెళ్తుంది. ముందుగా సర్వీసులో చిన్నవారు "చాలా బాగుంది సార్" అని రాస్తారు. వారి పైవారు "రంగులు కూడా" అని చేరుస్తారు. ఆ పైవారు "పై అభిప్రాయాలతో ఏకీభవిస్తున్నాను" అంటారు. చివర్లో సదాశివరావు గారు రెండు చేతులు జోడించిన గుర్తు పెడితే బొమ్మ ఆమోదం పొందినట్టు. కిందివారి నోటు చదివితే సరిపోతుంది గనుక అసలు కాగితం తెరిచే పని ఎవరికీ ఉండదు. బొమ్మలు చూసే శ్రమ తప్పబట్టే తాము ఇన్నేసి బొమ్మలు వేయగలుగుతున్నామని ఆడిట్‌లో పనిచేసే లలితకుమారి గారు ఒక సమావేశంలో కృతజ్ఞతతో చెప్పారు.

ద్వారకలో ఉండే బసవపున్నయ్యకు ఈ మండలి అంటే ప్రాణం. ఆయన అండర్ సెక్రటరీ. పైవాళ్లు చెప్పింది రాస్తూ, కిందివాళ్లు రాసింది దిద్దుతూ, తనదంటూ ఒక్క వాక్యం లేకుండా సర్వీసంతా మచ్చ లేకుండా వెళ్లదీసిన మనిషి. తెనాలిలో చదువుకునే రోజుల్లో బొమ్మలు వేసేవాడు. పోటీ పరీక్షలు వచ్చి ఆ అలవాటు మాన్పించాయి. మొన్నామధ్య కూతురు ట్యాబూ, దాని పెన్నూ కొనిచ్చి "పాపా, ట్రై తో కరో" అని ఢిల్లీ హిందీలో నాన్నను బతిమాలాక మళ్లీ మొదలుపెట్టాడు.

ఆయనకు ఒక్కటే ఇబ్బంది. చేతులు వేయడం రాదు. అందుకని ఆయన బొమ్మల్లో మనుషులు చేతులు జేబుల్లో పెట్టుకుంటారు, శాలువాలో దాచుకుంటారు, ప్రహరీగోడ వెనక నిలబడతారు. ఢిల్లీ చలి ఈ విషయంలో ఆయనకు చాలా సాయం చేసింది. చేతులు చూపించకపోవడంలోని సంయమనాన్ని మండలి ఏకగ్రీవంగా మెచ్చుకుంది. ఆ మెప్పుతో ఒళ్లు మరిచి ఆయన తన భార్య ఉష కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలో నిలబడ్డ బొమ్మ వేశాడు. గ్లాసు గాల్లో నిలబడదు గనుక చెయ్యి వేయక తప్పలేదు.

ఆ బొమ్మకు వచ్చిన పొగడ్తలు ఇక్కడ రాస్తే కథ నడవదు. సదాశివరావు గారు చేతులు జోడించి ఊరుకోకుండా, మండలి వార్షిక సంచికకు అదే ముఖచిత్రం అని ప్రకటించారు. లోపలి పేజీలో "ముఖచిత్రం: బసవపున్నయ్య" అని అచ్చవుతుంది. ఇన్నేళ్లలో ఆయన సంతకం ఎక్కడ పడినా దాని పక్కన "తరఫున" అనే మాట ఉండేది. ఇది ఎవరి తరఫునా కాదు. ఆ సంగతి తలుచుకుని ఆయన మెట్రోలో తనలో తనే నవ్వుకుంటుంటే పక్క సీటాయన కాస్త దూరం జరిగాడు.

సరిగ్గా అప్పుడే మండలిలో భవ్యశ్రీ అనే కొత్త సభ్యురాలు చేరింది. జగిత్యాల అమ్మాయి. నోయిడాలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. అంటే ఇతరులు చేసినదాంట్లో తప్పులు వెతకడమే ఉద్యోగం. దానికి నెలనెలా జీతం కూడా ఇస్తారట. ఆ అమ్మాయి బసవపున్నయ్య బొమ్మను తెరిచి చూసింది. అక్కడితో ఆగకుండా ఇలా రాసింది: "అంకుల్, బొమ్మ మస్తుగుంది. ఆంటీ ముఖంల నవ్వు భలే వచ్చింది. కానీ కుడిచేతికి ఆరు వేళ్లున్నయి. ఒక్కసారి చూస్కోండ్రి." వేళ్ల చుట్టూ ఎర్రగీతతో ఒక సున్నా కూడా చుట్టింది.

మర్నాడు గ్రూపులో ఎవరూ శుభోదయం చెప్పలేదు. దాన్నిబట్టి పరిస్థితి తీవ్రత ఊహించుకోవచ్చు. మధ్యాహ్నానికి మండలి సాంకేతిక సలహాదారు సుధీంద్ర నోరు విప్పాడు. ఆయన నోయిడాలో ఒక ఐటీ మేనేజరు. ఆరు వేళ్లు ఏఐ వేసే బొమ్మలకు గుర్తనీ, లోకమంతటికీ తెలిసిన సంగతేననీ రాశాడు. ఆయన తర్కంలో వంక పెట్టడానికి లేదు. మనిషి చేసిన తప్పయితే ఇంతమంది కళాకారులు మెచ్చుకునేటప్పుడు ఒక్కరైనా చూసి ఉండేవారు. ఎవరూ చూడలేదు. కనుక అది మనిషి చేసిన తప్పు కాదు. పైవారందరూ దీనితో ఏకీభవించారు.

ఇంట్లో బసవపున్నయ్య వేళ్లు లెక్కపెట్టాడు. ఆరు. తన చెయ్యి పక్కన పెట్టుకుని మళ్లీ లెక్కపెట్టాడు. బొమ్మలో మార్పు లేదు. ఉషను పిలిచాడు.

"ఇన్నాళ్లూ ముఖం చూసుకుని మురిసిపోయానండీ. వేళ్లు ఎవరు లెక్కపెట్టుకుంటారు?" అంది ఉష.

అప్పటికే వార్త వాళ్లుండే హౌసింగ్ సొసైటీలో పాకింది. పార్కులో కలిసినావిడ "భాభీజీ, జరా హాథ్ దిఖానా" అని ఉష కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసింది. ఐదే ఉండటం చూసి కొంచెం నిరాశపడింది.

మండలి నుంచి బసవపున్నయ్యకు సంజాయిషీ కోరుతూ నోటీసు వచ్చింది. ఆయన నిజాయితీపరుడు కనుక "బొమ్మ నేనే వేశాను. నాకు చేతులు వేయడం రాదు" అని రెండు ముక్కల్లో జవాబిచ్చాడు. వెంటనే సదాశివరావు గారు ఫోన్ చేశారు.

"ఏమయ్యా బసవపున్నయ్యా, బుద్ధుండే రాశావా? నీకు చేతులు వేయడం రాదని రికార్డులో పెడితే, అద్భుతమని రాసిన మా గతేమిటి? నువ్వు వేసి ఉంటే బాగుండి తీరాలి. బాగోలేకపోతే నువ్వు వేసి ఉండకూడదు. రెండూ నువ్వే అంటే ఎలాగయ్యా?"

చివరకు కమిటీ ఎదుట, ఆదివారం ఉదయం, ద్వారకలో ఆయన సొసైటీ క్లబ్‌హౌసులోనే, అదే చేతిని మళ్లీ వేసి చూపించాలని నిర్ణయమైంది. బొమ్మ ఆయన వేసిందేనని తేలకపోతే ముఖచిత్రం రద్దు.

భవ్యశ్రీని నాలుగు చీవాట్లు పెట్టాలని బసవపున్నయ్య ఆమెకు ఫోన్ చేశాడు.

"అయ్యో, నేను దోస్తు లెక్కనే చెప్పిన అంకుల్. మా ఆఫీసుల తప్పు చూపెడితే థాంక్స్ అంటరు."

"మా ఆఫీసులో బదిలీ చేస్తారమ్మా."

"చేతులేసుడు కష్టమేం గాదు. నేను చెప్త. ముందుగాల అరచెయ్యిని చిన్న డబ్బా లెక్క గీయండ్రి."

ఆఫీసు క్యాబ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నంతసేపూ ఆ అమ్మాయి వీడియో కాల్‌లో పాఠం చెప్పేది. ఢిల్లీ ట్రాఫిక్ గనుక పాఠాలకు లోటు రాలేదు. "ఇది తప్పు అంకుల్. ఇది గూడ తప్పే. ఆఁ, ఇది జర నయం" అనేది. మండలిలో చేరాక బసవపున్నయ్య బొమ్మను ఒక మనిషి నిజంగా చూడటం అదే మొదలు. తిట్లు తింటూ ఇంత సంతోషంగా ఉండవచ్చని ఆయనకు తెలియదు. ఆ వారం ఆయన మనసు పెళ్లి కొడుకు మనసులా ఉంది. శనివారం సాయంత్రానికి చెయ్యి వచ్చింది. నాలుగు వేళ్లు గ్లాసును చుట్టుకున్నాయి, బొటనవేలు దాని చోట అది నిలబడింది, చూపుడువేలు మీద ఉషకు చిన్నప్పుడు కత్తిపీటకు తెగిన గీత కూడా పడింది. ఉష తన చేతిని తెర పక్కన పెట్టి చూసుకుని, "ఇది నా చెయ్యేనండీ" అంది.

ఆదివారం క్లబ్‌హౌసులో సమోసాలు, చాయ్, ప్రొజెక్టరు ఏర్పాటయ్యాయి. సదాశివరావు గారు ప్రారంభోపన్యాసం చేశారు. "మిత్రులారా, ఇది శిక్షించే సభ కాదు, స్నేహపూర్వక విచారణ. స్నేహానికి భంగం కలగకుండా దోషిని తేల్చడమే మన సంప్రదాయం" అన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత సుధీంద్ర లేచి పరీక్ష నియమాలు వివరించాడు. ఆరోపణ ఆరు వేళ్ల మీద గనుక, ఆయన ఇప్పుడు కూడా ఆరు వేస్తే ఆ చెయ్యి ఆయనదే. ఐదు వేస్తే, ఐదు వేయడం వచ్చిన మనిషి ఆరు వేయడు గనుక, పాత బొమ్మ యంత్రానిది.

బసవపున్నయ్యకు విషయం పెన్ను పట్టుకున్నాక అర్థమైంది. వచ్చిన పని చూపిస్తే దొంగ. రానట్టు చూపిస్తే దొర.

ఆయన గీయడం మొదలుపెట్టాడు. డబ్బాలాగా అరచెయ్యి, దాని మీద కణుపులు, గ్లాసు చుట్టూ నాలుగు వేళ్లు, బొటనవేలు. ప్రొజెక్టరు తెర మీద అంత పెద్ద చెయ్యి పైకి లేస్తుంటే వెనక వరుసలో భవ్యశ్రీ ఆనందం పట్టలేక కుర్చీ అంచుకు జరిగింది. ఉష కళ్లు తుడుచుకుంది. సుధీంద్ర మాత్రం "ఐదు" అని రాసుకోవడానికి పెన్ను మూత తీశాడు. ముఖచిత్రం వెళ్లిపోతోంది. పేరు వెళ్లిపోతోంది. రేపటి నుంచి సొసైటీలో, ఆఫీసులో, మెట్రోలో ఆయన ఏఐ చేత బొమ్మలు వేయించుకున్న పెద్దమనిషి.

బసవపున్నయ్య చిటికెనవేలి పక్కన ఇంకొక వేలు వేశాడు.

హాలు దద్దరిల్లింది. "మనవాడే వేశాడు!" అని సదాశివరావు గారు ఆయన్ని కావలించుకున్నారు. లలితకుమారి గారు ఆరో వేలిలోని మానవతా స్పర్శను ప్రత్యేకంగా ప్రస్తావించారు. ఆరు వేళ్లు యంత్రం గుర్తని వారం కింద రాసిన సుధీంద్రే, ఈమధ్య యంత్రాలు బాగుపడ్డాయనీ, ఐదు వేళ్లు వేసేవాళ్లనే ఇకపై అనుమానించాలనీ తేల్చాడు. మండలి అక్కడికక్కడే తీర్మానం చేసింది. ఇకపై ప్రతి బొమ్మలోనూ కనీసం ఒక్క స్వహస్త దోషం ఉండాలి. దోషం లేని బొమ్మ గ్రూపులో నిషిద్ధం. చాలామంది సభ్యులకు దీనివల్ల కొత్తగా ఏ ఇబ్బందీ కలగలేదు. కొందరికి మాత్రం తప్పు చేయబోతే అది తప్పులా కనిపించలేదు. అలాంటివారు సుధీంద్ర సలహా మీద ఏఐ చేత తప్పులు వేయించుకున్నారు.

రెండు వారాలు గడిచాయి. తర్వాత భవ్యశ్రీ నోయిడాలో తమ వీధి చివర గోల్‌గప్పాలు అమ్మే భయ్యా చేతులు వేసి పెట్టింది. ఒక చేత్తో పూరీ, ఇంకో చేత్తో పుదీనా నీళ్లు. గోళ్ల కింద బంగాళాదుంప కూడా ఉంది. కింద "తప్పుంటే చూపెట్టండ్రి, దిద్దుకుంట" అని రాసింది.

సభ్యులు చరిత్రలో తొలిసారి ఒక బొమ్మను తెరిచి చూశారు. వెతికారు. పెద్దది చేసి వెతికారు. తలకిందులు చేసి కూడా వెతికారు. ఒక్క తప్పూ దొరకలేదు. ఏఐ వేసిందన్న ఆరోపణ రుజువు కావడానికి అంతకన్నా ఏం కావాలి? కమిటీ వేశారు. చేతుల విషయంలో అనుభవజ్ఞుడని దానికి బసవపున్నయ్యను అధ్యక్షుణ్ని చేశారు. బొమ్మ మనిషి వేసింది కాదని కమిటీ ఒకే పూటలో తేల్చింది. ఆయన కింద సంతకం పెట్టాడు. ఈసారి పక్కన "తరఫున" లేదు. భవ్యశ్రీని గ్రూపు నుంచి స్నేహపూర్వకంగా తొలగించారు.

సాయంత్రం ఆ అమ్మాయి ఫోన్ చేసింది. వెనక హారన్లు మోగుతున్నాయి.

"అంకుల్, ఆ చేతులు నేనే ఏసిన్నని మీకు ఎర్కనే గదా?"

"తెలుసమ్మా. నీ దగ్గర నేర్చుకున్నవాణ్ని, నాకు తెలియదా? కానీ అది నా సొంత అభిప్రాయం. కమిటీలో సొంత అభిప్రాయాలు పెట్టకూడదు తల్లీ."

"అచ్ఛా," అంది ఆ అమ్మాయి. ఇంకేదో అంటుందని ఆయన చాలాసేపు ఫోన్ చెవి దగ్గరే పెట్టుకున్నాడు. లైను ఎప్పుడో తెగిపోయింది.

ఆయన సిగ్గుపడ్డాడు. ఆ మాట దాచడం ధర్మం కాదు. పళ్లెంలో అన్నం వదిలేసి లేచాడు. ఉష ఏం జరిగిందని అడగలేదు. అడిగితే బాగుండేదని ఆయన అనుకున్నాడు. మర్నాడు సంచిక అచ్చై వచ్చింది. లోపలి పేజీలో ఆయన పేరు అక్షరదోషం కూడా లేకుండా పడింది. దాన్ని చాలాసేపు చూసి, బీరువాలో చీరల కింద పెట్టాడు.

ఇదంతా మొదటి నుంచి చివరి వరకు దగ్గరుండి చూస్తూ, ఎక్కడా అడ్డు చెప్పకుండా, మధ్యమధ్య నవ్వుకుంటూ కూర్చున్న పాఠకులకు మండలి ధన్యవాదాలు తెలుపుతోంది. మీ ప్రవర్తన పరిశీలించిన మీదట మీకు సభ్యత్వం మంజూరైంది. దరఖాస్తు అక్కర్లేదు.