మొక్కకు కబురు

మొక్కలకు బుద్ధి ఉందని శాస్త్రజ్ఞులు తేల్చేశారు. బుద్ధి ఉన్నవాళ్లెవరికీ ఆఫీసుల చుట్టూ తిరగడం తప్పదు గనుక, వాటికీ ఒక శాఖ ఏర్పడింది. దాని పేరు వృక్ష వివేక శాఖ. (పశువుల వివేకానికి ఇంకా భవనం దొరకలేదు. మనుషుల వివేకం పరిశీలనలో ఉంది.)

ఆ శాఖవారి భవనం రెండో అంతస్తులో, ఒళ్లో అత్తిపత్తి కుండీ పెట్టుకుని లిఫ్టు మెకానిక్ కూర్చున్నాడు. అక్కడి లిఫ్టు పనిచేయడం లేదు. బాగుచేద్దామని చేతులు లాగుతున్నా, వరుసలో చోటు పోతుందని ఊరుకున్నాడు.

మొక్కను పెంచింది అతని భార్య. ఆవిడ పోయింది. పెంచినవాళ్లు పోతే మొక్కను కొత్త సంరక్షకుల పేరిట మార్చాలి. లేకపోతే శాఖవారు దాన్ని ప్రభుత్వ నర్సరీకి పట్టుకుపోతారు. ఆ ఇంట్లో ఆవిడ చేతుల్లో పెరిగింది మరొకటి లేదు.

తోడు వచ్చిన మరదలు కుండీకేసి చూసింది. "బావా, లోపల దీనితో మాట్లాడమంటారట. మా అక్కతోనే పూటకో మాటతో సరిపెట్టావు. దీనితో ఏం మాట్లాడతావు?"

"నా వంతు కూడా మీ అక్కే మాట్లాడేదిగా," అన్నాడు.

పిలుపు వచ్చింది. పరిశీలనాధికారి మొదట మొక్కకు నమస్కారం పెట్టి, తర్వాత వీళ్లను కూర్చోమన్నాడు.

"ఆవిడ పోయిన సంగతి మొక్కకు తెలియజేశారా?"

"లేదండి."

"ఏం?"

"మొక్క కదండీ."

అధికారి ముఖం ముడుచుకుంది. "ఆ మాట దాని ఎదుట అనకండి. సొంతమనిషి నోటితో, మా ముందే చెప్పాలి. కన్నుమూసింది, వెళ్లిపోయింది అంటే చెల్లదు. ఊరికెళ్లారనుకుని కొన్ని మొక్కలు ఎదురుచూశాయి. మాకు మాటొచ్చింది."

భార్య పోయిందన్న మాట మెకానిక్ ఇంతవరకు ఎవరితోనూ అనలేదు. బంధువులందరికీ మరదలే ఫోన్లు చేసింది. ఆసుపత్రిలో డాక్టరు చెప్పినప్పుడు కూడా తల ఊపాడంతే.

ఇంతలో ప్యూను తలుపు వేసిన విసురుకు అత్తిపత్తి ముడుచుకుపోయింది. అది విచ్చుకునేదాకా అందరూ కూర్చున్నారు. (ముడుచుకున్న సమయాన్ని మొక్క భోజన విరామంగా లెక్కిస్తారు.)

విచ్చుకున్నాక మెకానిక్ లేచి నిలబడ్డాడు. ఆవిడ దీనికి ఏ వరస అవుతుందో తోచలేదు.

"అమ్మ అను, బావా," అంది మరదలు మెల్లగా. "అక్క దీన్ని బుజ్జీ అనేది."

"బుజ్జీ," అన్నాడు. "మీ అమ్మ..."

ప్యూను మంచినీళ్లు తెచ్చాడు. తాగి మళ్లీ మొదలుపెట్టాడు.

"మీ అమ్మ చచ్చిపోయిందే."

మాట నిలబడింది గానీ, మనిషి నిలబడలేకపోయాడు. బల్ల అంచు పట్టుకుని నేలమీద చతికిలబడ్డాడు. భుజాలు ఎగిసెగిసి పడుతున్నాయి. మరదలు పక్కన కూర్చుని వీపు నిమురుతోంది. మొక్క మాత్రం ఒక్క ఆకయినా కదల్చలేదు.

అధికారి భూతద్దం తీసి మొక్కను చూశాడు. అదే భూతద్దంతో మెకానిక్‌నూ చూశాడు.

"ఒకే ఇంటివాళ్లలో ఎవరు నిబ్బరంగా ఉంటే వాళ్లే సంరక్షకులని నిబంధన," అన్నాడు. "ఇక్కడ సందేహానికి తావు లేదు."

"అయితే ఇంటికి తీసుకెళ్లొచ్చాండీ?" అంది మరదలు.

అధికారి ఆమె వైపు చూడలేదు. కుండీ మీదికి మర్యాదగా వంగాడు.

"తీసుకెళ్లవచ్చండి," అన్నాడు మొక్కతో. "నెలకోసారి ఇతన్ని వెంటబెట్టుకొచ్చి మాకు చూపిస్తూ ఉండండి."