బీరువాలో నలభై మూడు బాణాలు

ఆత్మ ఎక్కడుంటుందో చెప్పే శాస్త్రాలు మన దగ్గర చాలానే ఉన్నాయి. కంప్యూటర్లో రిఫరెన్సులు ఎక్కడుంటాయో చెప్పే శాస్త్రం మాత్రం ఇంతవరకు పుట్టలేదు. శంషాబాద్ శివారులోని ఒక జొన్న పరిశోధన కేంద్రం ఈ లోటును 2008లోనే గుర్తించి, ఒక కమిటీ వేసి, ఆ కమిటీకి ఒక ఇనుప బీరువా కొనిచ్చింది.

పాల్మాకుల రైతు కూతురు అనుపమ అక్కడే పీహెచ్‌డీ చేస్తోంది. ఏ మాట ఏ పుస్తకంలో, ఏ పేజీలోంచి తీసుకుందో గుర్తుపెట్టుకునే సాఫ్ట్‌వేర్‌లో దాదాపు నాలుగేళ్లుగా పదకొండు వందల నలభై రిఫరెన్సులు చేర్చింది. (పీహెచ్‌డీలో సొంత మాట ఒక్కటి రాయాలంటే పదిమంది సాక్షులు కావాలి.) తనే ఒక కాపీ తీసి పెట్టుకుందామంటే, నిబంధన 14 ప్రకారం నేరం. కాపీ తీసే అధికారం డేటా భద్రతాధికారి కుర్మయ్యగారికి ఒక్కరికే ఉంది.

కుర్మయ్యగారు నిష్ఠ గల మనిషి. ప్రతి నెలా మొదటి సోమవారం వచ్చి, సీడీలో కాపీ తీసి, ఖాకీ కవర్లో పెట్టి, లక్కతో సీలు వేసి, రిజిస్టర్లో అనుపమ చేత సంతకం పెట్టించుకుని, బీరువాలో దాచేవారు. (లక్క కరిగించే కొవ్వొత్తికి ఇండెంటు వేరే.) నలభై మూడు నెలల్లో ఒక్క నెల తప్పలేదు.

2012 మార్చిలో, థీసిస్ ఇవ్వడానికి తొమ్మిది రోజులుందనగా, కరెంటు పోయి వచ్చింది. హార్డ్‌డిస్క్ మాత్రం పోయి రాలేదు. గడువు దాటితే రిజిస్ట్రేషన్ రద్దవుతుందని తెలిసి కూడా అనుపమ నింపాదిగా టీ తాగింది. నలభై మూడు సీడీలున్న మనిషికి బెంగెందుకు?

డేటా తిరిగి పొందాలంటే ఫారం 7 నింపి, ఒరిజినల్ చూపించాలి. ఏ ఆఫీసులోనైనా జిరాక్సు చెల్లాలంటే ఒరిజినల్ అడుగుతారు కదా, కమిటీ కూడా అదే న్యాయం పాటించింది. ఒరిజినల్ పోయినందుకే కదా వచ్చానని అనుపమ అంటే, పోయిందో లేదో ఒరిజినల్ చూస్తే గాని ఎలా తెలుస్తుందన్నారు కుర్మయ్యగారు. చివరికి ఆమె ఆ హార్డ్‌డిస్క్‌నే రుమాల్లో చుట్టి తెచ్చింది. ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, ‘ఒరిజినల్ పరిశీలించడమైనది’ అని ముద్ర వేశారు.

ఇద్దరు సాక్షుల ముందు మొదటి సీలు పగలగొట్టారు. సీడీలో ఒకే ఒక చిన్న షార్ట్‌కట్ బొమ్మ ఉంది. దాని మూలన వంకర బాణం. బరువు రెండు కేబీ. రెండో దాంట్లోనూ అదే, నలభై మూడో దాంట్లోనూ అదే.

“గిదే గదమ్మా నువ్వు దినాం నొక్కి తెరిచేది?” అన్నారు కుర్మయ్యగారు.

“గది ఇంటి అడ్రసు సార్. మీరు నలభై మూడు సార్లు అడ్రసు రాసి దాచిన్రు. ఇల్లు కాలిపోయింది,” అంది అనుపమ.

ఇది రాస్తూ ఆయన మీద కోపం తెచ్చుకుందామని నేను చాలా ప్రయత్నించాను, రాలేదు. మర్నాటి నుంచి ఆయన ఎనిమిది రోజులు సెలవు పెట్టి (కారణం: సొంత పని) లైబ్రరీలో కూర్చుని, ఒక్కో పుస్తకం తీసి పేరూ పేజీ చదివితే, అనుపమ టైపు చేసింది. నెత్తిమీదుగా విమానం దిగినప్పుడల్లా ఆగి, పేజీ నంబరు మళ్లీ చదివేవారు. ఆరు వందల పన్నెండు దొరికాయి. గడువు రోజు సాయంత్రం థీసిస్ ఇచ్చేశారు.

పరీక్షకుడు దాన్ని తిప్పి పంపుతూ, మిగతా మాటలకు మూలాలేవని అడిగాడు. కమిటీ పగిలిన సీళ్ల స్థానంలో కొత్త సీళ్లు వేయించి, రికార్డులు పరిశీలించి, ‘మూలాలన్నీ నలభై మూడు ప్రతులలో భద్రముగా ఉన్నవి’ అని జవాబు రాసింది.

ఆ ఏడాది డేటా భద్రతలో మొదటి బహుమతి ఆ బీరువాకే వచ్చింది. అనుపమ పట్టా ఇంకా రాలేదు.