మోజెస్ ఈతకొలను, జెమీమా సరస్సు

ప్రవక్త మోషే ఎర్రసముద్రాన్నే రెండు పాయలు చేశాడు. ఎడారి ఊరు చాండ్లర్‌లో కంప్యూటర్ చిప్‌ల కంపెనీ ఇంజనీరు, ఆయన పేరే పెట్టుకున్న మోజెస్ మాత్రం, పెరట్లో స్విమ్మింగ్ పూల్‌కి భార్య చేత 'సరే' అనిపించలేక అవస్థపడుతున్నాడు.

"ఎడారిలో పూల్ ఏంటండీ, తాగే నీళ్లకే రేషన్ వచ్చేలా ఉంటే!" అనేది జెమీమా.

ఆమె చర్చి స్నేహితులతో బుక్ క్లబ్ నడుపుతోంది. ఈసారి కోస్తాలో ఓ మంచినీటి సరస్సు గురించి కొత్తగా వచ్చిన నవల చదువుతున్నారు. మనుషుల్ని కాసేపు పక్కనపెట్టి, కథలో నీళ్లూ పక్షులూ ఏం చెబుతున్నాయో వినాలట; దాన్నే పర్యావరణ విమర్శ అంటారట.

మోజెస్ పుస్తకం అట్ట వెనక చూశాడు. 'నీరే ఈ నవలకు నాయిక' అని, కింద చేపల చెరువుల బొమ్మా ఉంది. ఇంకేం! నలుగురి ముందు నీటిని ఆకాశానికెత్తితే, పూల్ వద్దనడానికి జెమీమాకి నోరెలా వస్తుంది?

"ఈసారి మీటింగ్‌లో నేనూ మాట్లాడతా."

"పుస్తకం చదివారా?"

"చదవకుండా మాట్లాడతానా?"

"సరే, మాట్లాడండి" అంది జెమీమా వెంటనే. మోజెస్ అక్కడే జాగ్రత్తపడాల్సింది.

ఆదివారం ఆరాధన అయ్యాక అందరూ వాళ్లింట్లో చేరారు. మోజెస్ గొంతు సవరించుకున్నాడు.

"నాకు బాగా నచ్చినవి చేపల చెరువులు. ఎటు చూసినా నీళ్లే! ఇంటింటికీ అలాంటి చిన్న చెరువొకటి ఉంటే..."

క్లబ్‌లో పెద్దావిడ నవోమి చేతిలో పకోడీ చేతిలోనే ఆగిపోయింది. "బ్రదర్, సరస్సుని మింగేసింది ఆ చెరువులే కదా!"

"సింబాలిక్‌గా అంటున్నా సిస్టర్."

"ఆ సింబల్ ఉన్న పేజీ కాస్త చదివి వినిపించండి" అంటూ జెమీమా పుస్తకం తెరిచి చేతికిచ్చింది.

తప్పక చదివాడు. గట్లు వేసి సరస్సుని ముక్కలు చేశాక, పడవ అమ్ముకున్న ఓ ముసలామె తెల్లవారే లేచి పక్షుల కూతల కోసం చెవొగ్గి కూర్చుంటుంది. ఒక్క కూతా లేదు. సరస్సు చచ్చిపోయిందని రచయిత్రి ఎక్కడా అనదు. 'ఏమే, నాకు చెవుడొచ్చిందా?' అని ముసలామె చేత కోడల్ని అడిగిస్తుంది, అంతే.

మోజెస్ పేజీ తిప్పాడు. జెమీమా ఇక చాలన్నా ఆపలేదు. పకోడీలు చల్లారిపోయాయి.

"అబ్బ, ఏం రాసిందండీ ఈవిడ!" అన్నాడు చివరికి, కళ్లు తుడుచుకుంటూ.

"మరి పూల్?" అంది జెమీమా మెల్లగా.

"పూల్ ఎవడిక్కావాలి? పిట్టలు వాలేలా చెట్లు వేద్దాం!"

"ఆమెన్!" అన్నారందరూ.

"మొక్కలు నిన్నే తెచ్చేశా. గరాజ్‌లో ఉన్నాయి. పార కూడా అక్కడే ఉంది" అంది జెమీమా.

మోజెస్ తెల్లబోయాడు. "ఇలా అంటానని నీకెలా తెలుసు?"

"మీరు చదవరని తెలుసు. చదివితే ఏడుస్తారనీ తెలుసు."

మోజెస్ బుద్ధిగా పార అందుకున్నాడు. చంకలో పుస్తకం మాత్రం ఎవరడిగినా ఇవ్వలేదు.