వద్దన్నవారి జాబితా

ఆ రోజు విభక్తిగారు చేయదలచుకున్న పని ఒక్కటే: ఆఫీసుకు వెళ్లి తన పేరును తానే నిషేధ జాబితాలో ఎక్కించుకోవడం. విభక్తి అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. ఎవరేం రాసినా ఎర్రసిరా పెన్నుతో ని, ను, కి, కులు సరిదిద్దందే ఆయనకు పొద్దుపోదు. ఇంటికొచ్చాక మాత్రం ఫోన్లో పేకాటతో పొద్దు ఇట్టే పోయేది.

ముందుగదిలో సర్దిన సూట్‌కేసు ఉంది. దాని పక్కన నేలమీద నాలుగు మచ్చలు. మొన్నటిదాకా భార్య కుట్టుమిషను అక్కడే ఉండేది. అదీ పేకాటకే పోయింది.

"సాయంత్రానికల్లా మీ పేరు ఎక్కినట్టు నాకు తెలియాలి. లేదంటే నేను అక్కయ్య దగ్గరుంటా," అంది భార్య.

"దగ్గరుంటా ఏమిటే! అక్కయ్య వద్దనుంటాను అనాలి," అనేసి, వెంటనే నాలుక కరుచుకున్నారు.

"ముందు మీరు బాగుపడండి. నా భాష సంగతి తర్వాత చూద్దాం," అందావిడ.

ప్రభుత్వం ఆన్‌లైన్ జూదాన్ని నిషేధించి, నిషేధించి, విసుగెత్తి, చివరికి కంపెనీలకు లైసెన్సులిచ్చి పన్ను వసూలు చేసుకుందామని కొత్త చట్టం తెచ్చింది. అందులో మనిషి మీద కాస్త జాలి చూపిన సెక్షను ఒకటుంది. ఆట మానలేనివాళ్లు తమ పేరు రాసిస్తే ఏ కంపెనీ వాళ్లను ఆడనివ్వకూడదు, ఫోన్ చేసి ఊరించకూడదు. ఆ కబురు ఇంట్లోవాళ్ల ఫోనుకు వెళుతుంది. ఒకసారి తొలగించిన పేరు మాత్రం ఏడాదిదాకా మళ్లీ ఎక్కదు. ఆ సెక్షను రాసింది విభక్తిగారే.

ఆ రోజే కంపెనీలకు వెళ్లాల్సిన జాబితా ఆఫీసులో ఆయన బల్ల మీదే ఉంది. మొదటి పుటలో, అందరికంటే పైన, మొదటి వరసలో తన పేరు, నంబరు రాసి, కింద భార్య ఫోన్ నంబరు వేశారు. రాస్తుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆయనకు నిజంగానే మానేయాలని ఉంది మరి.

ఇంతలో టైపిస్టు మొదటి పుటకు పెట్టాల్సిన శీర్షిక కాగితం తెచ్చింది. మీద "జూదం వద్దన్నవారు" అని ఉంది.

"టీలో చక్కెర వద్దన్నట్టు ఇదేం మాటమ్మా? సర్కారు కాగితమన్నాక నిండుగా ఉండొద్దూ?" అంటూ ఆయన మధ్యలో ఒక ‘ను’ ఇరికించారు.

"సార్, అర్థం మారిపోతుందేమో..."

"ఇరవై రెండేళ్లుగా ఈ కుర్చీలో కూర్చున్నానమ్మాయ్!"

అలా వద్దన్నవారు కాస్తా వద్దనున్నవారయ్యారు. డైరెక్టరు కాగితం వంకైనా చూడకుండా సంతకం గీకేశాడు. పదకొండింటికల్లా జాబితా కంపెనీలన్నిటికీ చేరింది. కంపెనీలు ఎగిరి గంతేశాయి. జూదం వద్దనే కూర్చుని ఉన్న నాలుగువందల మంది పేర్లు, ఫోన్ నంబర్లతో సహా, సర్కారే పంపిస్తే కాదనేదెవరు?

భోజనం వేళ విభక్తిగారి ఫోను మోగింది. "కంగ్రాట్స్ సార్! గవర్నమెంటు లిస్టులో ఫస్టు పేరు మీదే! యాభై ఆటలు ఫ్రీ!" అందో తియ్యని గొంతు. ఆయన ఫోన్ పెట్టేశారు గానీ, బొటనవేలు మాత్రం చాలాసేపు తెర మీంచి లేవలేదు.

ఈలోగా కౌంటరు దగ్గర జనం పోగయ్యారు. ముందు నిలబడ్డ రిటైర్డు టీచరమ్మ గొంతు చించుకుంటోంది. "వద్దు మొర్రో అని రాసిచ్చాను కదయ్యా! పొద్దుట్నుంచి ఇరవై ఫోన్లు. ఇరవయ్యొకటోది వస్తే ఆడేస్తాను. ఆ పాపం నీదే!"

"ఎవరయ్యా ఈ ‘ను’ పెట్టింది?" అని అరిచాడు డైరెక్టరు. విభక్తిగారు నేలచూపులు చూశారు. టైపిస్టు గోడ వైపు చూసింది. "ఎవరైతేనేం, ఐదు నిమిషాల్లో సవరణ వెళ్లాలి!"

టైపిస్టు గబగబా కొట్టింది: మొదటి పుటలో ‘నున్నవారు’ తొలగించవలెను. సరైన మాట: వద్దన్నవారు.

విభక్తిగారి చెయ్యి ఊరుకుంటేనా! "తొలగించడానికి కర్మ ఉండాలి, కర్మకు విభక్తి ఉండాలి. మాట చుట్టూ ఈ కొక్కేలెందుకు? విడివిడిగా ఈ ముక్కలెందుకు?" అంటూ ఎర్రసిరా పారించారు. ఈసారి టైపిస్టు ఆయన దిద్దింది దిద్దినట్టే కొట్టిచ్చింది.

సవరణ ఇలా వెళ్లింది: మొదటి పుటలోనున్నవారిని తొలగించవలెను. సరైన మాట: వద్దన్నవారు.

ఈలోగా డైరెక్టరు ఫోన్లో పెట్టిన చీవాట్ల భయంతో కంపెనీలు అక్షరం పొల్లుపోకుండా పాటించాయి. రెండో పుట నుంచీ అందరికీ ఆట బందయింది. తొమ్మిదో పుటలో ఉన్న టీచరమ్మ చల్లగా ఉండు నాయనా అని దీవించి వెళ్లింది. మొదటి పుటలోనున్న నలభై మందిని జాబితా నుంచి తొలగించేశారు.

విభక్తిగారు డైరెక్టరు గదిలోకి పరుగెత్తారు. "సార్, నా పేరు మళ్లీ ఎక్కించండి. మీ కాళ్లు పట్టుకుంటాను. మా ఆవిడ వెళ్లిపోతుంది సార్!"

"ఏడాది ఆగాలి కదండీ. ఆ సెక్షను మీరు రాసిందేగా. చాలా నిండుగా ఉంది," అన్నాడు డైరెక్టరు.

భార్య ఫోనుకు ఆ రోజు రెండు కబుర్లు వెళ్లాయి. మీవారు మా గౌరవ సభ్యులు అని మధ్యాహ్నం ఒకటి. మీవారి పేరు నిషేధ జాబితా నుంచి తొలగించబడినది అని నాలుగింటికి ఇంకొకటి.

ఆయన ఇల్లు చేరేసరికి సూట్‌కేసు లేదు. నేలమీది నాలుగు మచ్చల నడుమ ఒక చీటీ ఉంది. పెళ్లయిన ఇన్నేళ్లలో మొదటిసారి ఆవిడ ఆయన మెచ్చే భాషలో రాసింది: అక్కయ్య వద్దనున్నాను.

విభక్తిగారు నేలమీద కూలబడి జేబులోంచి ఎర్రపెన్ను తీశారు. మధ్యలోని ‘ను’ పొరపాటున పడిందేమో, అక్కయ్య పిలిస్తే ఆవిడ వద్దన్నదేమో అన్న ఆశతో మూడుసార్లు చదివారు.

ఆ వాక్యంలో ఒక్క తప్పూ లేదు.