గులాబీ పెట్టెలో ఎదురు దుకాణం

ఆ శుక్రవారం రూబెన్ ఒరోస్కో వేసుకున్న పథకంలో మూడే మూడు ముక్కలున్నాయి. ఏడింటికి సోఫీప్ ఆంటీ దుకాణంలో ఒక డజను డోనట్లు కొనాలి. రోడ్డు దాటి సన్నీ రింగ్‌లో ఇంకో డజను కొనాలి. ఎనిమిదింటికల్లా రెండు పెట్టెలూ ఆఫీసులో లొరైన్ మేడం బల్ల మీద పెట్టాలి. ఇందులో తప్పు జరగడానికి చోటెక్కడుంది? అద్దంలో తల దువ్వుకుంటూ తనను తానే అడిగాడు కూడా. అద్దం ఏమీ అనలేదు.

కాలిఫోర్నియాలో లాంగ్ బీచ్‌ని ఆనుకుని ఉన్న ఆ పేటలో, రూబెన్ మీటర్లు చూసే నీటి సరఫరా ఆఫీసు పెట్టి అరవై ఏళ్ళయింది. శనివారం దాని పండగ. జనమంతా పిల్లల్ని వేసుకుని వస్తారు, పైపులు చూస్తారు, డోనట్లు తింటారు. నిజం చెప్పాలంటే పైపుల కోసం ఎవరూ రారు. నలభై డజన్లు కావాలి. ఇన్నేళ్ళూ ఆఫీసులో ఏ వేడుకకైనా అవి సోఫీప్ ఆంటీ గులాబీ పెట్టెల్లోనే వచ్చేవి. కానీ నాలుగు నెలల క్రితం ఆంటీ దుకాణానికి సరిగ్గా ఎదురుగా సన్నీ రింగ్ వెలిసింది. దేశమంతటా తొమ్మిది వందల దుకాణాలున్న కంపెనీ అది. నారింజ రంగు పెట్టెలు, నారింజ రంగు టోపీలు, కార్లోంచి దిగకుండానే కొనుక్కునే కిటికీ. ఆంటీ గల్లా ముందు జనం సగానికి సగం పలచబడ్డారు.

"ఈ ఎండాకాలం చూస్తా నాన్నా, లాగలేకపోతే తలుపులేసి ఫ్రెస్నోలో మా అమ్మాయి దగ్గరికి పోతా," అంది ఆంటీ పోయిన వారం, చాలా మామూలుగా, చిల్లర ఇస్తూ.

రూబెన్‌కి మాత్రం అది మామూలుగా వినిపించలేదు. బడికెళ్ళే రోజుల నుంచి వాడు తిన్న డోనట్లన్నీ అక్కడివే. ఆ సాయంత్రమే 'మన దుకాణాన్ని మనం కాపాడుకుందాం' అని ఒక కాగితం రాసి పేటంతా తిరిగి రెండు వందల పన్నెండు సంతకాలు పట్టాడు. జన్మలో సన్నీ రింగ్ గడప తొక్కనని పేటవాళ్ళ ఫేస్‌బుక్ పేజీలో ఒట్టు పెట్టాడు. ఆఫీసులో అయితే ఇంకో అడుగు ముందుకేసి, "కళ్ళు మూసుకుని తిన్నా ఆంటీ డోనట్ ఏదో, ఆ రంపపు పొట్టు ఏదో చెప్పేస్తా!" అని గుండెలు చరుచుకున్నాడు.

దాంతో బిల్లుల సెక్షన్ క్రెయిగ్ డన్లప్‌కి ఎక్కడలేని హుషారొచ్చింది. క్రెయిగ్ రోజూ సన్నీ రింగ్ కాఫీ గ్లాసు చేత్తో పట్టుకునే ఆఫీసులోకొస్తాడు. ఆ చెయ్యి ఆ గ్లాసుతోనే పుట్టిందేమో అన్నట్టుంటుంది.

"అయితే చెప్పు చూద్దాం బాబూ. మేడం, పోటీ పెట్టండి. గెలిచినవాళ్ళకే శనివారం ఆర్డరు," అన్నాడు.

"సరే, పెడదాం," అంది లొరైన్ మేడం. "రెండు పెట్టెలూ నువ్వే పట్రా రూబెన్."

ఈ సంగతి వాడు ఆంటీకి చెప్పలేదు. గెలిచాక చెబుదామనుకున్నాడు.

ఏడూ అయిదుకి రూబెన్ కారు దిగి, ఆంటీ దుకాణం ముందు రాయిలా నిలబడిపోయాడు. తలుపు మీద అట్టముక్క వేలాడుతోంది. 'ఈరోజుకి అయిపోయాయి.'

అయిపోయాయా! ఏడింటికే! ఒక్క క్షణం వాడికి ఎగిరి గంతెయ్యాలనిపించింది. జనం మళ్ళీ వచ్చేశారన్నమాట! మరుక్షణం గుండె జారి బూట్లలో పడింది. మరి నా డజను?

మనిషన్నవాడు ఇలాంటప్పుడు తలుపు తట్టి చూస్తాడు. రూబెన్ తట్టలేదు. అయిపోయాయని అంత స్పష్టంగా రాసి ఉంటే తట్టి ఆంటీని చిన్నబుచ్చడం ఎందుకని మర్యాదకి పోయాడు. ఆ మర్యాద వాణ్ణి ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చూడండి.

కారు డిక్కీలో ఒక ఖాళీ గులాబీ పెట్టె ఉంది. ఆ పేటలో ఎవరి డిక్కీ తెరిచినా ఒకటి ఉంటుంది, అందులో వైర్లో, పాత రసీదులో, పిల్లల బొమ్మలో ఉంటాయి. రూబెన్ పెట్టెలో మీటర్లు విప్పే స్పానర్లున్నాయి. వాటిని సీటు మీద గుమ్మరించి, పెట్టెని చొక్కాతో తుడిచి, ఎదురు దుకాణం వైపు చూశాడు. ఆలోచన దానంతటదే వచ్చి పక్క సీట్లో కూర్చుంది.

రెండు పెట్టెల్లోనూ సన్నీ రింగ్ సరుకే పెడితే? అప్పుడు రెండూ ఒకటే రుచి. అదృష్టం బావుంటే గులాబీ పెట్టె గెలుస్తుంది, ఆంటీకి ఆర్డరు వస్తుంది, శనివారం ఎలాగూ ఆవిడే చేసి పంపిస్తుంది, ఎవడికీ నష్టం లేదు!

తల మీదికి టోపీ లాక్కుని, నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, గడప తొక్కలేదు కదా అని మనసుకి సర్దిచెప్పుకుంటూ కార్ల వరసలో చేరాడు. కిటికీ దగ్గర గొంతు మార్చి, "రెండు డజన్లు, పాకం పూసినవి," అన్నాడు.

"మీటర్ల రూబెన్ కదూ మీరు? కాగితం మీద నా సంతకం కూడా పట్టారు!" అంది లోపలున్న అమ్మాయి ఆనందంగా.

వాడు గబగబా పెట్టెలు లాక్కున్నాడు. వీధి చివర ఒక చెట్టు పక్కన కారాపి, ఒక డజను గులాబీ పెట్టెలోకి మార్చసాగాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. పాకం వేళ్ళకంటుకుంది, వేళ్ళు స్టీరింగుకంటుకున్నాయి, ఒక డోనట్‌కి చిన్న నట్టు కూడా అంటుకుంది, అది మాత్రం సమయానికి కనబడింది.

ఫోను మోగింది. క్రెయిగ్.

"ఏం బాబూ, సన్నీ రింగ్ లైన్లో నీ కారు చూశానే! నా వెనకాల మూడో కారు నువ్వే. ఒట్టు తీసి గట్టు మీద పెట్టావా?"

"మరి మీ డజను గాల్లోంచి వస్తుందా? పోటీకి కొనాలి కదా!"

"కళ్ళద్దాలెందుకు మరి?"

"ఎండ!"

ఆకాశం నిండా మబ్బుంది.

ఆఫీసులో పద్నాలుగు మందీ అప్పటికే బల్ల చుట్టూ మూగి ఉన్నారు. లొరైన్ మేడం రెండు పెట్టెలూ పక్కగదిలోకి తీసుకెళ్ళి, తలుపేసుకుని, ముక్కలు కోసి రెండు పళ్ళేల్లో పెట్టి తెచ్చింది. ఒకదాని మీద ఒకటి, ఇంకోదాని మీద రెండు అని రాసుంది. ఏది ఏ పెట్టెదో ఆవిడకి తప్ప ఎవరికీ తెలీదు.

"మొదట రూబెన్," అంటూ మెళ్ళో కండువా తీసింది. "కళ్ళు మూసుకుని చెప్పేస్తానన్నావుగా?"

"నేనెందుకు మేడం, పెద్దవాళ్ళు ముందు..."

"కట్టండి, కట్టండి! గట్టిగా కట్టండి, కిందనుంచి చూస్తాడు," అన్నాడు క్రెయిగ్.

చీకట్లో ఒకటో పళ్ళెంలో ముక్క నోట్లోకి వచ్చింది. రూబెన్ నమిలాడు. నమలడం ఆపాడు. నారింజ తొక్క తురుము ఘాటు, అంచుల్లో ఆ సన్నటి కరకర, లోపల దూది. ఇది ఆంటీ చెయ్యే! ఎలా సాధ్యం? చేసిన పాపం నాలుక మీదికొచ్చి కూర్చుందా? రెండో ముక్క వచ్చింది. అదే ఘాటు, అదే కరకర. వాడికి చెమట పట్టింది. భయం నాలుకని కూడా మోసం చేస్తుందన్నమాట. ఏదైతేనేం, రెండూ సన్నీ రింగే. ఏదో ఒకదాన్ని ఆంటీదని తేల్చాలి, అంతే. గాల్లో నాణెం ఎగరేసినట్టు నోరు తెరిచాడు.

"ఒకటోది! ఒకటోదే ఆంటీది! అసలు ఇది తింటుంటే అర్ధరాత్రి రెండింటికి లేచి పిండి పిసికే చేతులు కనబడటం లేదూ మీకు? ఇందులో ప్రాణం ఉంది. రెండోది... ఛీ, రంపపు పొట్టు. మిషను తీసి మొహాన కొట్టినట్టుంది."

ఎంత బాగా చెప్పాడంటే, మీటర్ల సెక్షన్ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. తర్వాత అందరూ తిన్నారు. దాదాపు అందరికీ ఒకటోదాంట్లో ప్రాణం తగిలింది, రెండోదాంట్లో పొట్టు తగిలింది. చీటీలు లెక్కపెడితే ఒకటికి పదకొండు, రెండుకి మూడు.

లొరైన్ మేడం పక్కగదిలోంచి రెండు పెట్టెలూ తెచ్చి పళ్ళేల వెనకాల పెట్టింది. ఒకటి వెనకాల నారింజ పెట్టె. రెండు వెనకాల గులాబీ పెట్టె.

మొదట క్రెయిగ్ నవ్వాడు. తర్వాత గోడలు నవ్వాయి.

"రంపపు పొట్టు! ఆంటీది రంపపు పొట్టంట!" క్రెయిగ్ కుర్చీలో పడి దొర్లుతున్నాడు. "సన్నీ రింగ్‌లో ప్రాణం ఉందంట! ఆ ముక్క ఇంకోసారి అనవా, ఫోన్లో రికార్డు చేసుకుంటా!"

"సరే, తేలిపోయింది. శనివారం నలభై డజన్లు సన్నీ రింగ్‌కి చెబుతున్నా," అంటూ మేడం ఫోనందుకుంది.

రూబెన్ కళ్ళముందు ఫ్రెస్నో బస్సు కదిలింది, కిటికీలో ఆంటీ మొహం.

"ఆగండి మేడం! ఆ పోటీ చెల్లదు! రెండూ... రెండు పెట్టెల్లోనూ సన్నీ రింగ్ డోనట్లే. ఆంటీ దగ్గర అయిపోయాయి. నేనే మార్చి పెట్టా."

మేడం ఫోను కింద పెట్టేసింది.

"అంటే," అన్నాడు క్రెయిగ్ మెల్లగా, ఆ ఆలోచన రుచి చూస్తున్నట్టు, "సన్నీ రింగ్‌కి పదకొండు, సన్నీ రింగ్‌కి మూడు. మొత్తం పద్నాలుగు!"

"మమ్మల్నందర్నీ వెధవల్ని చేశావు రూబెన్," అంది మేడం. ఆవిడ అరిచి ఉంటే బావుండేది, అరవలేదు. "నీకు ఆంటీ మీద అభిమానం ఉంటే ఉండొచ్చు. ఇలా చేస్తే ఆవిడ పరువే పోయిందిప్పుడు."

సరిగ్గా అప్పుడే తలుపు దబ్బుమని తెరుచుకుంది. నాలుగడుగుల పదంగుళాల సోఫీప్ ఆంటీ, పిండి మరకల ఏప్రన్‌తో, చేతిలో గులాబీ పెట్టెతో, నేరుగా రూబెన్ మీదికొచ్చింది.

"ఏరా! ఇరవై ఏళ్ళుగా ప్రతి శుక్రవారం నీ డజను గల్లా కింద తీసి పెడుతున్నా. తలుపు మీద బోర్డు చదివి వెనక్కి పోతావా? ఆ బోర్డు నీకా? అది బయటవాళ్ళకిరా! నీలాంటి వాళ్ళంతా వెనక తలుపు కొట్టి తీసుకుపోయారు. నువ్వు మాత్రం నా కిటికీ ముందునుంచే ఎదురు దుకాణానికి పోయావు. కళ్ళద్దాలు పెట్టుకుంటే కనబడవనుకున్నావా?"

"ఆంటీ, అయిపోయాయని రాసుంటే..."

"రాస్తే చదివేస్తావా? నిన్ను చదివించిందెవరు?" పెట్టె బల్ల మీద కొట్టింది. "తినండి. అందరూ తినండి."

ఆవిడ మొహం చూసి ఎవరికీ కాదనే ధైర్యం లేకపోయింది. తిన్నారు. ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మళ్ళీ తిన్నారు.

"అచ్చం ఇందాకటి రుచే," అంది మేడం.

"అదే మరి!" క్రెయిగ్ లేచి నిలబడ్డాడు. "ఈవిడ సన్నీ రింగ్‌ని కాపీ కొట్టేసింది! వాళ్ళకి తెలిస్తే కేసు పెడతారు ఆంటీ, చూసుకోండి!"

ఆంటీ క్రెయిగ్‌ని కింద నుంచి పైదాకా చూసింది. అంత దూరం చూడటానికి ఆవిడకి కాస్త సమయం పట్టింది.

"డోనట్లు తెచ్చే వాళ్ళ లారీ రాత్రి హైవే మీద చెడిపోయింది. అయిదింటికి వాళ్ళ మేనేజరు ట్రెంట్ నా వెనక తలుపు దగ్గరకొచ్చి ఏడుపు మొహం పెట్టాడు. ముప్ఫై డజన్లు పట్టుకుపోయాడు. అందుకే బోర్డు పెట్టా. పొద్దుట్నుంచి మీరు తిన్నవన్నీ నావే. మీకు ఇప్పుడు తెలిసిందా?"

క్రెయిగ్ చేతిలో ముక్క గాల్లోనే ఆగిపోయింది. రూబెన్ ఒక్క గెంతు గెంతాడు.

"చెప్పానా! చెప్పానా మేడం! నారింజ తొక్క! నా నాలుక అబద్ధం చెప్పలేదు!"

"నీ నాలుక రెండోదాన్ని రంపపు పొట్టు అంది," గుర్తు చేశాడు క్రెయిగ్.

"ఎవరన్నారా మాట?" అంది ఆంటీ.

రూబెన్ గెంతడం ఆపేశాడు.

లొరైన్ మేడం ఇద్దర్నీ పక్కకి నెట్టి, "ఆంటీ, పద్నాలుగుకి పద్నాలుగు మీకే వచ్చాయి. రేపు నలభై డజన్లు మీరే ఇవ్వాలి," అంది. రూబెన్‌కి కళ్ళు చెమర్చాయి. జేబులోంచి సంతకాల కాగితం తీసి ఆంటీ చేతిలో పెట్టాడు. "ఇంక మీరు ఎక్కడికీ పోనక్కర్లేదు ఆంటీ. దుకాణం నిలబడింది!"

ఆంటీ కాగితం చదివింది. ముచ్చటగా మడిచి ఏప్రన్ జేబులో పెట్టుకుంది.

"రేపు నావల్ల కాదు తల్లీ," అంది మేడంతో. "పొద్దున కొన్నవాళ్ళంతా ట్రెంట్‌ని కొత్త సరుకు ఎక్కడిదని అడుగుతున్నారంట. ఇక్కడికొచ్చే ముందే అతనితో ఒప్పందం మీద సంతకం చేశా. రేపట్నుంచి నేను చేసేదంతా అతనికే. మీ నలభై డజన్లూ అతన్నే అడగండి."

"మరి మీ గల్లా?" అన్నాడు రూబెన్.

"గల్లా మూసేస్తున్నా. ముప్ఫై ఏళ్ళు నిలబడ్డా, మోకాళ్ళు పోయాయి. ఇప్పుడు అయిదింటికి అమ్మేసి, ఆరింటికి మళ్ళీ పడుకోవచ్చు." ఆవిడ మొహం వెలిగిపోతోంది. "ఫ్రెస్నో కూడా వద్దులే, మా అల్లుడు గురక పెడతాడు."

"నా డజను? శుక్రవారం డజను?"

"ఎదురుగానే కదరా, రోడ్డు దాటితే సరి. నీకు దారి కూడా తెలుసు."

శనివారం పండగ బ్రహ్మాండంగా జరిగింది. నలభై డజన్లూ నారింజ పెట్టెల్లో వచ్చి పదింటికల్లా చెల్లిపోయాయి. వాటిని తెచ్చి పంచే పని లొరైన్ మేడం రూబెన్‌కే అప్పగించింది, నారింజ టోపీ పెట్టుకుని మరీ పంచాలంది. క్రెయిగ్ మాత్రం ఏదో కడుపునొప్పి అని రాలేదు. అతను సన్నీ రింగ్ మానేశాడని, అవి ఇప్పుడు మరీ ఇంటి వంటలా ఉంటున్నాయని సోమవారం అందరికీ చెప్పాడు.

రూబెన్ ఇప్పుడు ప్రతి శుక్రవారం సన్నీ రింగ్ గడప తొక్కి, వరసలో నిలబడి, ఒక డజను కొనుక్కుంటున్నాడు. సిద్ధాంతం సిద్ధాంతమే కాబట్టి కాఫీ మాత్రం ఇంటి దగ్గరే తాగి వస్తున్నాడు.