మనోడే, వదిలెయ్

ఒక పెద్ద అడవిలో, అచ్చం మన ఒంట్లో రోగాల్ని అడ్డుకునే కాపలా ఉన్నట్టే, కాపలా శాఖ ఒకటి ఉండేది. అందులో రేచుకుక్క సింహాద్రి మహా గట్టివాడు. పొరుగడవి నక్క తోక కనబడితే చాలు, విచారణ లేకుండా కరిచేసేవాడు. సొంత అడవివాళ్ళు మాత్రం మెడ కింద గోకి "మనోణ్ణే మావా" అంటే వదిలెయ్యాలి. అది శాఖ మర్యాద. గోకించుకోవడం సింహాద్రికీ ఇష్టమే.

ఈ మర్యాద పందికొక్కు తవుడుకి తెగ నచ్చింది. వాడు పుట్టింది ఆ అడవి గుట్టలోనే. తక్కిన పందికొక్కులు కన్నం ఇంతవరకూ చాలనుకుని ఆగేవి. తవుడుకి ఆగడం రాదు. పిల్లలకి కన్నాలు, వాళ్ళ పిల్లలకి కన్నాలు, చివరికి వాగుని కూడా తన కన్నాల వైపే మళ్ళించుకున్నాడు.

"ఏటిరా ఇది? గుట్టంతా గుల్ల చేసీసినావు" అన్నాడు సింహాద్రి.

"అభివృద్ధి మావా" అంటూ తవుడు మెడ గోకాడు. "మనోణ్ణే గదా."

సింహాద్రి కళ్ళు మూతలు పడ్డాయి. సిగ్గులేకుండా తోక కూడా ఊగింది.

ఒకరోజు గుట్ట కుంగి సింహాద్రి గుహ సగం కూలింది. పిల్లల్ని బయటికి లాగేసరికి అతనికి పై ప్రాణాలు పైనే పోయాయి. ఇంకొంచెం తవ్వితే గుట్టా ఉండదు, దాని మీద బతికే అడవీ ఉండదు. అడవి పెద్ద ఎలుగుబంటి అప్పలస్వామి దగ్గరికి పరుగెత్తాడు.

"ఆడు బయటోడా?" అన్నాడు పెద్ద.

"కాదు దొరా."

"మరైతే కరవడానికి రూలు లేదు."

పక్కనే ఉన్న వైద్యురాలు ముళ్ళపంది వరాలమ్మ నవ్వింది. "రూలెందుకు బాబూ, నువ్వు గోకించుకోడం మానీ." తన ముళ్ళే బయటికి పొడుచుకొచ్చేలా పట్టీలు కుట్టి కాపలావాళ్ళందరి మెడలకీ కట్టింది.

మర్నాడు తవుడు చెయ్యి చాచాడు. ముల్లు దిగింది. ఈసారి సింహాద్రి కళ్ళు మూతలు పడలేదు. శాఖ మొత్తం కన్నాల్లోకి దూరింది. సాయంత్రానికి తవుడు వంశం ఖాళీ అయింది, గుట్ట నిలబడింది.

సన్మానం చెయ్యడానికి అప్పలస్వామి స్వయంగా వచ్చాడు. అలవాటు కొద్దీ సింహాద్రి మెడ గోకబోయాడు. ముల్లు గుచ్చుకుని చెయ్యి వెనక్కి తీసుకునేలోపే ఆయన కాలు సింహాద్రి నోట్లో ఉంది.

"ఒరే, నాను మనోణ్ణిరా" అని మూలిగాడు పెద్ద.

"ఆడూ అదే అన్నాడు దొరా" అన్నాడు సింహాద్రి, పట్టు వదలకుండానే.

నీతి: మనవాణ్ణి అనుమానిస్తే కాలికి కట్టుతో పోతుంది, నమ్మితే గుట్టే పోతుంది.